ఆ కుర్చీకి ఆ పని తెలిసినవాళ్లు కావాలి: రెండు హైకోర్టులకు ఒక ప్లీడరు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుల ప్రధాన న్యాయమూర్తులకు, న్యాయమూర్తులకు,

నమస్కారం. నేను ఇరవై ఆరేళ్లుగా ఒక జిల్లా కేంద్రంలో ఫ్యామిలీ కోర్టు కేసులు చూస్తున్న ప్లీడర్ని. ఊరి పేరు రాయను. రాస్తే ఈ లేఖ ఆ కోర్టు మీద ఫిర్యాదు అయిపోతుంది. నాకు ఏ జడ్జిగారి మీదా కోపం లేదు. వాళ్లు బదిలీ ఉత్తర్వు చేతపట్టుకుని వచ్చారు, ఇంకో ఉత్తర్వు రాగానే వెళ్లారు. నా గోడు ఆ ఉత్తర్వుల గురించే.

ముందు ఒక పిల్లవాడి సంగతి చెబుతాను. వాడి కోసం జీడబ్ల్యూఓపీ, అంటే పిల్లవాడి సంరక్షణ కోరే పిటిషను, వేసినప్పుడు వాడికి నాలుగేళ్లు. ఇప్పుడు తొమ్మిది. ఈ ఐదేళ్లలో ఆ కుర్చీలో నలుగురు కూర్చున్నారు. మొదటివారు అప్పటిదాకా సెషన్స్ కేసులు, అంటే పెద్ద క్రిమినల్ కేసులు, చేసి వచ్చినాయన, మంచి మనిషి. వాడిని తల్లికీ తండ్రికీ మధ్యలో నిలబెట్టి, "నీకెవరు కావాల్రా? అమ్మా, నాన్నా?" అని అడిగారు. వాడు చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని నములుతూ, "ఇంటికి పోదాం" అన్నాడు. ఏ ఇంటికో ఎవరూ అడగలేదు. బాలుడు సమాధానం చెప్పలేదని డాకెట్లో రాసుకున్నారు. వాడు సమాధానం చెప్పాడనే నా నమ్మకం.

రెండో జడ్జిగారు ఎనిమిది నెలలున్నారు. వాయిదాలతోనే గడిచిపోయింది.

మూడో ఆవిడ అంతకుముందు చాలాకాలం మీడియేషన్ సెంటర్లో పనిచేసి వచ్చారు. అందర్నీ బయటికి పంపి పిల్లవాడిని ఛాంబర్లోకి పిలిచి, కుర్చీలోంచి లేచి వచ్చి వాడి పక్కన బల్ల మీద కూర్చున్నారు. వాడి చేతిలో పెన్సిల్ బాక్సు ఉంది. "ఇందులో రెండు రబ్బర్లెందుకు నాన్నా?" అన్నారు. ఒకటి అమ్మింట్లోది, ఒకటి నాన్నింట్లోది, ఒకచోటిది ఇంకోచోట మర్చిపోతే వాళ్లిద్దరూ ఫోన్లో అరుచుకుంటారు అన్నాడు వాడు. లోపలే ఉన్న బెంచి క్లర్కు తర్వాత నాకీ సంగతి చెబుతుంటే ఆయన గొంతు బొంగురుపోయింది. ఆవిడకి విషయం అర్థమైంది. వాడికి బాధ అమ్మతోనూ కాదు, నాన్నతోనూ కాదు. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారే ఆ పది నిమిషాలతోనే. అందుకని అప్పగింతలు ఇళ్ల దగ్గరా, కోర్టు వరండాలోనూ మాన్పించి స్కూలు దగ్గరికి మార్చారు. శుక్రవారం సాయంత్రం ఒకరు స్కూలు నుంచి తీసుకెళ్తారు, సోమవారం ఉదయం వాళ్లే స్కూల్లో దించుతారు, సాయంత్రం ఇంకొకరు తీసుకెళ్తారు, ఇద్దరూ ఎదురుపడరు. ఆరునెలలు ఆ కేసులో ఒక్క ఐఏ, అంటే మధ్యంతర దరఖాస్తు, పడలేదు. మా కోర్టులో అది వింతే.

తుది వాదనలకి వాయిదా పడిన వారంలో ఆవిడకి బదిలీ అయింది. నాలుగో జడ్జిగారు ఫైలు తెరిచి, "మొదట్నించి చెప్పండమ్మా" అన్నారు.

ఆ రెండు రబ్బర్ల సంగతి రికార్డులో ఎక్కడా లేదు. ఉండాలన్న నియమం కూడా లేదు. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 15వ సెక్షను ప్రకారం సాక్ష్యాన్ని అక్షరం అక్షరం రాయక్కర్లేదు, జడ్జి దాని సారాంశాన్ని మెమోగా రాసుకుంటే చాలు. కేసులు త్వరగా తెమలాలని అలా పెట్టారు, మంచి ఉద్దేశమే. కానీ దానివల్ల ఈ కోర్టులో కేసు కాగితం మీదకన్నా జడ్జి బుర్రలోనే ఎక్కువ ఉంటుంది. ఆ జడ్జి బదిలీ అయితే కేసులో సగం ఆయన సామానుతో పాటు లారీ ఎక్కుతుంది. సివిల్ దావాలో జడ్జి మారితే కొత్తాయన డిపాజిషన్లు, అంటే సాక్షుల వాంగ్మూలాలు, చదువుకుంటారు. ఇక్కడ చదువుకోవడానికి ఏముంది?

పైగా 13వ సెక్షను ప్రకారం ఈ కోర్టులో కక్షిదారుకి ప్లీడర్ని పెట్టుకునే హక్కు లేదు, కోర్టు అనుమతిస్తేనే మేం నిలబడతాం. అంటే చట్టం మమ్మల్ని పక్కన పెట్టి భారమంతా జడ్జి మీద వేసింది. అంత భారం మోసేవారు ఎలాంటివారై ఉండాలో కూడా ఆ చట్టమే 4వ సెక్షను 4వ ఉపసెక్షనులో చెప్పింది: పిల్లల సంక్షేమం పట్ల నిబద్ధత ఉన్నవాళ్లు, రాజీ కుదర్చడంలో, కౌన్సెలింగులో అనుభవం, నేర్పు ఉన్నవాళ్లు దొరికేలా అన్ని ప్రయత్నాలూ చేయాలని, మహిళలకు ప్రాధాన్యం ఇవ్వాలని. నలభై ఏళ్ల కిందటి మాట అది. నేను కొత్తగా కోరేది ఏమీ లేదు. ఆ సెక్షను చెప్పిన మనిషి నిజంగా ఎలా ఉంటుందో, అలాంటి మనిషి తయారు కావడానికి ఎంతకాలం పడుతుందో ఒక జీవితం ద్వారా చూపిద్దామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ జీవితం మన దేశంలోది కాదు. మీడియేటర్ల శిక్షణలో ఒకసారి మాకు, ఇంగ్లండులో పిల్లల మీద అత్యాచారాల ఆరోపణలపై జరిగిన క్లీవ్‌లాండ్ విచారణ నివేదికలోని చివరి పేజీల జిరాక్సు పంచారు. అది రాసిన జడ్జి ఎలిజబెత్ బట్లర్-స్లాస్. ఆ నాలుగు పేజీలు చదివాక ఈవిడెవరో తెలుసుకోవాలనిపించింది.

బారిస్టరు అనగానే మనవాళ్లకి ప్రకాశం పంతులుగారు గుర్తొస్తారు, లండన్లో చదివి ఓడెక్కి వచ్చినవాళ్లు గుర్తొస్తారు. ఈవిడ ఇంగ్లండులోనే పుట్టింది, 1933లో. తండ్రి సర్ సెసిల్ హేవర్స్ హైకోర్టు జడ్జి. అన్న మైకేల్ హేవర్స్ 1979 నుంచి 1987 దాకా అటార్నీ జనరల్, ఆ తర్వాత కొద్దినెలలు లార్డ్ ఛాన్సలర్, అంటే అప్పటి అక్కడి న్యాయవ్యవస్థకి అధిపతి. ఇది దాచను, పుట్టుకతోనే ఆవిడకి తలుపులు తెరిచి ఉన్నాయి. అయితే ఆవిడకి యూనివర్సిటీ డిగ్రీ లేదు. స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో కొంతకాలం చదివి, లండన్లోని బారిస్టర్ల సంఘం ఇన్నర్ టెంపుల్ నుంచి 1955లో బారిస్టరుగా నమోదయింది. అప్పటికి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. 1959లో లండన్లోని వాక్స్‌హాల్ నుంచి కన్సర్వేటివ్ పార్టీ తరఫున పార్లమెంటుకి పోటీ చేసి ఓడిపోయింది. ఆ ఓటమి వల్ల ఇంగ్లండు పిల్లలకి మేలే జరిగిందని నేననుకుంటాను.

ఆ రోజుల్లో ఆడ బారిస్టరు దగ్గరికి విడాకుల బ్రీఫులే వచ్చేవి. పెద్ద కంపెనీ కేసులు, ఓడల కేసులు మగవాళ్లవి. భార్యాభర్తల తగాదాలు "మీ ఆడవాళ్లకి తెలిసినవి". ఇక్కడ మా సీనియర్లు కూడా నాకు సరిగ్గా ఇదే మాట చెప్పి మొదటి మనోవర్తి ఫైలు చేతిలో పెట్టారు. అప్పటి అక్కడి కోర్టు విభాగం పేరు కూడా చిత్రంగా ఉండేది: ప్రోబేట్, డైవోర్స్ అండ్ అడ్మిరాల్టీ డివిజన్. వీలునామాలు, విడాకులు, విరిగిన ఓడలు, మూడూ ఒకే గూట్లో. మునిగిన ఓడ విలువ కట్టే జడ్జే పొద్దున పదిన్నరకి పిల్లలెవరి దగ్గరుండాలో చెప్పేవారు. ఇంగ్లండువాళ్లు ఆ మూడింటినీ విడదీసి 1971లో ఫ్యామిలీ డివిజన్ పెట్టుకున్నారు. మనం చట్టప్రకారం 1984లోనే విడదీశాం. కానీ చెక్ బౌన్సులూ మోటారు ప్రమాదాలూ చేసిన చేతికే మర్నాడు పిల్లల కస్టడీ అప్పగిస్తున్నాం కాబట్టి, మన ఓడలు ఇంకా అదే రేవులో ఉన్నాయి.

పదిహేనేళ్లు బార్‌లో ఉన్నాక 1970లో ఆవిడ విడాకుల రిజిస్ట్రీలో రిజిస్ట్రారు అయ్యారు. మన లెక్కలో అది గొప్ప పదవి కాదు, పేపర్లో పేరు పడే పని అంతకన్నా కాదు. ఇల్లెవరికి, నెలకి ఎంతివ్వాలి, పిల్లల ఫీజులెవరు కట్టాలి, కారు అమ్మాలా ఉంచాలా, అంతా ఈ లెక్కలే. కానీ కాలం చూడండి. ఇంగ్లండులో కొత్త విడాకుల చట్టం 1971 జనవరి 1న అమల్లోకి వచ్చింది. కాపురం ఇక అతకనంతగా చెడిందా లేదా అన్నదే విడాకులకి ఆధారమైంది. ఆస్తి పంపకానికి కూడా కొత్త చట్టం వచ్చింది. ఆ వరద ముందుగా వచ్చి తగిలింది ఈ రిజిస్ట్రారుల బల్లలకే. ఆవిడ ఆ బల్ల దగ్గర తొమ్మిదేళ్లు కూర్చున్నారు. ముగ్గురు పిల్లల తల్లి కూడా.

ఆ తొమ్మిదేళ్ల గురించి ఎవరూ పెద్దగా రాయరు. నాకు మాత్రం ఆవిడ జీవితమంతటిలో అవే ముఖ్యమైనవి. మనోవర్తి లెక్క వేసినవాళ్లకే తెలుస్తుంది, గొడవ నెలకి మూడు వేల గురించి మొదలైనా అసలు బాధ ఇంకెక్కడో ఉందని. మొన్న ఒక భర్త మిక్సీ తిరిగి ఇప్పించమని రెండేళ్లు పోట్లాడాడు. ఆ మిక్సీ వాళ్లమ్మ చనిపోయేముందు కొన్నది. అది ముందే ఎవరైనా అడిగి ఉంటే మొదటి వాయిదాలోనే తేలిపోయేది. ఇలాంటివి ఏ అకాడమీ రెండు వారాల శిక్షణలోనూ రావు. వేలకొద్దీ వంటింటి లెక్కలు చూశాకనే వస్తాయి.

1979లో ఆవిడ అక్కడి నుంచే హైకోర్టు ఫ్యామిలీ డివిజన్ జడ్జి అయ్యారు. ఎనిమిదేళ్ల తర్వాత వచ్చింది క్లీవ్‌లాండ్.

ఇంగ్లండు ఈశాన్యాన, అప్పటి క్లీవ్‌లాండ్ కౌంటీలో, మిడిల్స్‌బరో అని ఉక్కు కర్మాగారాల ఊరు. 1987లో అక్కడి ఆసుపత్రిలో ఇద్దరు పిల్లల డాక్టర్లు కొద్దినెలల్లోనే 121 మంది పిల్లల మీద లైంగిక అత్యాచారం జరిగిందని తేల్చారు. చాలామటుకు ఒక శారీరక పరీక్ష ఆధారంగా. సాంఘిక సంక్షేమ శాఖవాళ్లు వెంటనే ఉత్తర్వులు తెచ్చి పిల్లల్ని ఇళ్లనుంచి తీసుకెళ్లారు. కొన్నిసార్లు రాత్రిపూట. అప్పటి చట్టం కింద ఒక్క మేజిస్ట్రేటు సంతకంతో 28 రోజుల దాకా పిల్లవాడిని తల్లిదండ్రులకి దూరం చేయొచ్చు. వార్డు నిండిపోయింది. దగ్గుకో జ్వరానికో పిల్లని తీసుకొచ్చిన తల్లి ఒంటరిగా ఇంటికెళ్లిన సందర్భాలున్నాయి. దేశం రెండుగా చీలింది. డాక్టర్లు రాక్షసులని ఒకరు, తల్లిదండ్రులు రాక్షసులని ఇంకొకరు.

విచారణ జరపమని ప్రభుత్వం ఆవిణ్ణి అడిగింది. ఆవిడ మిడిల్స్‌బరో టౌన్‌హాల్లో కూర్చుని నెలల తరబడి విన్నారు. వైద్యం, సాంఘిక సేవ, పోలీసు రంగాల నుంచి ముగ్గురు సహాయకులుగా పక్కనున్నారు. 1988 జూలైలో నివేదిక వచ్చింది. రెండు పక్షాలవాళ్లూ తమ గెలుపుని వెతుక్కుని నిరాశపడ్డారు. ఆ ఒక్క పరీక్షే రుజువుగా చాలదని చెప్పారు, డాక్టర్లు అతి ధీమాగా పోయారన్నారు. అదే సమయంలో ఇళ్లలో పిల్లల మీద అత్యాచారాలు జరుగుతాయన్నది నిజమని, దాన్ని కొట్టిపారేయొద్దని కూడా రాశారు. మా జిరాక్సులో ఉన్న వాక్యం ఇది: పిల్లవాడు ఒక మనిషి, మన ఆందోళనకి ఒక వస్తువు కాదు.

దాని కింద సిఫార్సులు చాలా మామూలుగా ఉంటాయి. సాక్ష్యం కోసం పిల్లల్ని మళ్లీమళ్లీ పరీక్షించకండి. వాళ్ల వయసుకి తగ్గట్టు ఏం జరుగుతోందో చెప్పండి. వాళ్లు చెప్పేది వినండి. నిలబెట్టుకోలేని మాట పిల్లలకి ఇవ్వకండి. ఈ చివరిది చదివి నేను చాలాసేపు ఆగిపోయాను. "వచ్చే వాయిదాకి అయిపోతుంది కన్నా" అని నేనెంతమంది పిల్లలకి చెప్పానో లెక్క లేదు.

మరుసటి ఏడాది చిల్డ్రన్ యాక్ట్ 1989 వచ్చింది. ఆ 28 రోజుల ఉత్తర్వు పోయి 8 రోజుల అత్యవసర రక్షణ ఉత్తర్వు వచ్చింది, ఒకే ఒక్కసారి ఇంకో 7 రోజులు పొడిగించవచ్చు. ఆ చట్టానికి క్లీవ్‌లాండ్ ఒక్కటే కారణం కాదు, చాలా ఏళ్ల కసరత్తు ఉంది. కానీ టౌన్‌హాల్లో విన్న మాటలు ఆ సెక్షన్లలో కనిపిస్తాయి.

ఇక్కడ నా వాదనకే ఎదురొచ్చే సంగతి ఒకటుంది, దాటెయ్యడం న్యాయం కాదు. క్లీవ్‌లాండ్‌లో తప్పు చేసిన డాక్టర్లూ నిపుణులే. ఆ పనే చేస్తూ వచ్చినవాళ్లే. మరి అనుభవం ఉన్నవాళ్లని కూర్చోబెడితే సరిపోతుందా? సరిపోదు. ఒకే పని చేసీచేసీ కంటికి అదే కనిపించడం మొదలవుతుంది. మా కోర్టులో కూడా ప్రతి భర్తా తాగుబోతే, ప్రతి కోడలూ గయ్యాళే అనే స్థితికి వచ్చిన పెద్దలున్నారు. తేడా ఎక్కడ వచ్చిందంటే, ఆవిడ అనుభవం ఎదుటివాళ్లని వినడంలో వచ్చినది. పదిహేనేళ్లు ఇరుపక్షాల తరఫునా వాదించి, తొమ్మిదేళ్లు ఇద్దరి లెక్కలూ వేసిన మనిషికి ఒకే కథ నమ్మే అలవాటు పోతుంది. చట్టం అడిగే అనుభవం కూడా రాజీలోనూ కౌన్సెలింగులోనూ. ఆ రెండింటిలోనూ రెండో మనిషి మాట వినకుండా పని జరగదు.

నివేదిక వచ్చిన 1988లోనే ఆవిడ అప్పీలు కోర్టుకి వెళ్లారు. ఆ కోర్టులో మొదటి మహిళ. చట్టంలో ఆ పదవి పేరు "లార్డ్ జస్టిస్" కాబట్టి ఆవిణ్ణి కూడా లార్డ్ జస్టిస్ అనే పిలవాల్సి వచ్చింది. 1994లో గానీ కోర్టులో "లేడీ జస్టిస్" అనొచ్చని సర్క్యులర్ రాలేదు, చట్టం మారడానికి 2003 దాకా పట్టింది. చదివి నవ్వుకున్నాను, ఎందుకంటే మా ఊళ్లో సాక్షులు బోనెక్కి లేడీ జడ్జిగారిని ఇప్పటికీ "అయ్యా, దొరా" అనే అంటారు. ఆవిడ సరిదిద్దితే "సరేనయ్యా" అంటారు.

1999లో ఫ్యామిలీ డివిజన్ ప్రెసిడెంటు అయ్యారు, అందులోనూ మొదటి మహిళే. వయసు 66. మన ఫ్యామిలీ కోర్టు జడ్జి 62కే దిగిపోవాలి, హైకోర్టు జడ్జీ అంతే. అక్కడ ఆ వయసు దాటాక ఆవిడ తన అతి కష్టమైన తీర్పులు రాశారు. 2001లో, చిన్నప్పుడు ఒక పసివాడిని చంపిన ఇద్దరు కుర్రాళ్లు నిర్బంధంలోంచి బయటికొచ్చాక వాళ్ల కొత్త పేర్లు ఎవరూ బయటపెట్టకూడదని జీవితాంతం ఉండే ఉత్తర్వు ఇచ్చారు. జనానికి అస్సలు నచ్చని తీర్పు. 2002లో మెడ కిందనుంచి చచ్చుబడి వెంటిలేటరు మీద బతుకుతున్న ఒక స్త్రీ, దాన్ని తీసేయమని కోరింది. డాక్టర్లు ఒప్పుకోలేదు. బట్లర్-స్లాస్ ఆ రోగి సాక్ష్యం ఆసుపత్రిలోనే విన్నారు. ఆలోచించి నిర్ణయించే శక్తి ఆమెకి పూర్తిగా ఉందని, ఆమె కాదన్నా వైద్యం కొనసాగించడం చట్టవిరుద్ధమని తేల్చి, నామమాత్రంగా 100 పౌండ్ల నష్టపరిహారం వేశారు. మంచం మీద కదలలేని మనిషిని, టౌన్‌హాల్లో పిల్లల గురించి చెప్పినట్టే, మనిషిగా చూశారు. నాకు రెండూ ఒకే చేతివ్రాత అనిపించింది.

2005లో దిగిపోయారు. ఆ తర్వాత రెండుసార్లు తప్పుకున్నారు, ఆ రెండూ కూడా మనం చూడదగ్గవే. ప్రిన్సెస్ డయానా మరణం మీద ఇంక్వెస్టు, అంటే మరణ కారణం తేల్చే విచారణ, ఆవిడకి అప్పగించారు. జ్యూరీ లేకుండా జరుపుతానని ఆవిడంటే, పైకోర్టు 2007లో జ్యూరీ ఉండాల్సిందేనంది. అప్పుడావిడ, జ్యూరీతో కేసులు నడిపిన అనుభవం నాకు తగినంత లేదు, ఇది తెలిసినవాళ్లకి ఇవ్వండి అని వదులుకున్నారు. యాభై ఏళ్ల న్యాయ జీవితం, దేశంలో అంత పేరు. అయినా "ఇది నా పని కాదు" అనగలిగారు. ఫ్యామిలీ కోర్టులో జ్యూరీ ఉండదు, అందుకని తెలియదు, అంతే. మన దగ్గర ఒక సెషన్స్ జడ్జి ఫ్యామిలీ కోర్టు పోస్టింగు వచ్చినప్పుడు, ఈ పని నాకు తెలియదండీ అని హైకోర్టుకి రాయగలరా? రాస్తే ఏమవుతుందో మీకే తెలుసు.

రెండోది 2014. పెద్దమనుషుల మీద వచ్చిన పాత బాలల అత్యాచార ఆరోపణలపై విచారణకి ఆవిణ్ణి నియమించారు. బాధితులు అభ్యంతరం చెప్పారు, ఆ కాలంలో అటార్నీ జనరల్ ఆవిడ అన్నే కాబట్టి. ఆరో రోజున తప్పుకున్నారు. మొదట్లో తెరిచి ఉన్న తలుపులే చివర్లో అడ్డొచ్చాయి. ఆ పదవి అసలు ఒప్పుకోకుండా ఉండాల్సిందనే నేనంటాను, ఎంత గౌరవం ఉన్నా.

ఇంకొకరి గురించి రెండు ముక్కలు. 2018లో ఆ ప్రెసిడెంటు పదవికి వచ్చిన సర్ ఆండ్రూ మెక్‌ఫార్లేన్ కూడా బర్మింగ్‌హామ్‌లో పిల్లల కేసులు వాదించి పైకి వచ్చిన బారిస్టరే. 1977లో బార్‌లో చేరి, 2005లో హైకోర్టుకి, 2011లో అప్పీలు కోర్టుకి వెళ్లారు. ఆయన హయాంలోనే, 2022లో, డోర్సెట్‌లోనూ ఉత్తర వేల్స్‌లోనూ పిల్లల కేసుల్లో కొత్త పద్ధతి మొదలైంది. తల్లిదండ్రులు ఒకరి మీద ఒకరు బురద జల్లుకునే అఫిడవిట్లకి ముందే, కేసు మొదట్లోనే, పిల్లవాడి పరిస్థితి మీద నివేదిక తెప్పించుకోవడం. మన చట్టంలోనూ 6వ సెక్షను కింద కౌన్సెలర్లున్నారు. కాగితం మీద. అయితే అక్కడ కూడా ఆ కుర్చీలో ఎప్పుడూ కుటుంబ న్యాయవాదులే కూర్చోలేదు, బట్లర్-స్లాస్ తర్వాత వచ్చినాయన వ్యాపార వివాదాల నుంచి వచ్చారు. అంతా స్వర్గమని చెప్పడానికి కాదు ఇదంతా. అక్కడ ఒక నిచ్చెన ఉంది. రిజిస్ట్రారు బల్ల నుంచి ఫ్యామిలీ డివిజన్ దాకా, అక్కడి నుంచి పైదాకా, కుటుంబ కేసులు వదలకుండానే ఎక్కొచ్చు. మన దగ్గర పైకి పోవాలంటే ముందు ఫ్యామిలీ కోర్టులోంచి బయటపడాలి. మా బార్ రూములో దాన్ని ఏడుపుల కోర్టంటారు. అక్కడికి పోస్టింగు పడితే "ఎవరికి కోపం వచ్చిందో" అంటారు.

ఇప్పుడు నా మనవి. ఫ్యామిలీ కోర్టు జడ్జిని నియమించేది ప్రభుత్వం, కానీ మీ సమ్మతి లేకుండా కుదరదు. రాజ్యాంగం 235వ అధికరణం కింద జిల్లా న్యాయవ్యవస్థ మీద అదుపు మీదే. కాబట్టి ఎవరు వస్తారు, ఎంతకాలం ఉంటారు అన్నది దాదాపుగా మీ చేతుల్లోనే ఉంది. ఆ కుర్చీకి పేరు రాసేముందు సీనియారిటీ జాబితాతో పాటు ఇంకో కాగితం చూడండి: ఈ మనిషి ఎప్పుడైనా మీడియేషన్ చేశారా, మనోవర్తి కేసులు ఎన్ని తేల్చారు, తేల్చినవాటిలో ఎన్ని మళ్లీ గొడవకి వచ్చాయి. ఏడేళ్లు దాటిన అడ్వకేట్లని కూడా నేరుగా ఈ పదవికి తీసుకోవచ్చని 4వ సెక్షనులోనే ఉంది. నా ఇరవై ఆరేళ్లలో మా కోర్టుకి అలా ఒక్కరూ రాలేదు. ఇది నా కోసం అడగడం లేదు, నాకా వయసు దాటింది.

వచ్చినవాళ్లు ఆ పని బాగా చేస్తుంటే, వాళ్లే ఉంటామంటే, ఉండనివ్వండి. అది కుదరదంటే కనీసం, పిల్లవాడితో ఛాంబర్లో మాట్లాడిన జడ్జి ఆ కస్టడీ కేసులో తీర్పు చెప్పేదాకా కదలకూడదని ఒక సర్క్యులర్ ఇవ్వండి. అదీ కుదరకపోతే, వెళ్లేవారు వచ్చేవారి కోసం ఒక పేజీ రాసి, సీలు వేసి, ఫైల్లో పెట్టి వెళ్లాలని చెప్పండి. రెండు రబ్బర్ల లాంటివి రాయడానికి ఒక పేజీ చాలు. 19వ సెక్షను కింద మీ దగ్గరికి వచ్చే అప్పీళ్లకి కూడా, రోస్టరు, అంటే జడ్జిల పని పంపకం, మారినప్పుడల్లా మారిపోని ఒక బెంచిని ఉంచితే బాగుంటుంది. అక్కడ కూర్చున్నవాళ్లకి ఈ కేసుల మీద పట్టు దొరికితే, కింద కోర్టుల్లో దాన్ని శిక్ష పోస్టింగు అనడం కొంతైనా తగ్గుతుంది.

అలా ఒకేచోట ఉంచితే జడ్జిలు అలిసిపోతారని ఒక రిటైర్డ్ జిల్లా జడ్జిగారు నాతో అన్నారు. రోజంతా ఆ ఏడుపులు వినాలంటే ఎవరి తరం అన్నారు. నిజమే. అయితే ఆ ఏడుపులకి పరిష్కారం దొరకడం మొదలయ్యేదాకా ఉంటే, కొంత అలసట దానంతటదే తీరుతుందని నాకు ఆ మూడో జడ్జిగారి మొహం చూశాక అనిపించింది. ఆరునెలలు ఐఏ పడని ఆ కేసు ఫైలు పైకి వచ్చినప్పుడల్లా ఆవిడ కాస్త నవ్వేవారు.

ఆ పిల్లవాడి కేసు మొన్న మళ్లీ పిలుపుకి వచ్చింది. అప్పగింతలు స్కూలు దగ్గర జరగడం లేదిప్పుడు, ఒక సెలవుల్లో గొడవై ఆగిపోయాయి. మళ్లీ కోర్టు వరండాలోనే, శనివారాలు. వాడు పొడుగయ్యాడు. గుండీ నమలడం మానేశాడు. నేను దగ్గరికి వెళ్తే, "ఆంటీ, ఇవాళ కొత్త సారా?" అని అడిగాడు. అవున్రా అన్నాను. ఈసారి అయిపోతుందా అని వాడడగలేదు, నేనూ చెప్పలేదు.

వాయిదా వచ్చే నెల పద్దెనిమిదికి పడింది. అప్పటికి ఈ జడ్జిగారికి కూడా బదిలీ అని మా బార్‌లో అనుకుంటున్నారు.

ఇట్లు,
మీ విధేయురాలు,
ఒక ఫ్యామిలీ కోర్టు ప్లీడరు